ఒక పెట్టెలో మూడు కార్లు

1958వ సంవత్సరమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునుండి ఎ.ఎం.టి. అను సంస్థవారు కొన్ని అట్టపెట్టెలను అంగళ్లకు పంపిరి. ఒక్కొక్క పెట్టెలో ఆ యేటి కొత్తకారునకు ఇరువదియైదవ వంతు ప్రమాణము గల ప్లాస్టిక్ భాగములును, వానిని కూర్చు విధమును తెలుపు కాగితమును, నీట తడిపి అంటించు గుర్తుల పత్రమును ఉండెను. ఇట్టి పెట్టెలు అంతకుముందును లేకపోలేదు. కాని యీ పెట్టెలపై ఒకటిలో మూడు అని వ్రాసియుండెను. లోపలి భాగములతో కారును కర్మాగారమునుండి వెలువడినది వెలువడినట్లు కట్టవచ్చును, పందెపుకారుగ కట్టవచ్చును, లేదా కాలిఫోర్నియా యువకులు తమ పాతకార్లను కోసి, అతికి, రంగులు మార్చి వీథులలో నడపుచుండిన పద్ధతిని అనుసరించి, తన యిచ్చ వచ్చినట్లు రూపు మార్చి కట్టవచ్చును. వెల సుమారు ఒకటిన్నర డాలరు. ఒక వస్తువును అమ్మువాడు దానిని నీ యిష్టము వచ్చినట్లు మార్చుకొమ్మని చెప్పి, మార్చుటకు వలయు సరంజామాను తానే చేతికిచ్చుట వర్తకచరిత్రలో అరుదైన సంగతి. చిన్నకార్లు కట్టు విద్య యొక్క చరిత్రను నేను ఈ అనుమతి యొక్క చరిత్రగనే చదువుచున్నాను.

ఈ విద్యకు తొలిరూపము అనుమతిలో కాక విధేయతలో కానవచ్చును. ఒహాయో రాష్ట్రమందలి నార్వాక్ అను చిన్న ఊరిలో గుఱ్ఱపుబండ్లు చేసి జీవించిన ఫిషర్ కుటుంబమున ఏడుగురు సోదరులు. గుఱ్ఱపుబండి వెనుకబడి మోటారు ముందుకు వచ్చుచున్న సంధికాలమున, 1908లో, వారు డెట్రాయిట్ నగరమున కార్లకు పైభాగములు నిర్మించు కర్మాగారమును నెలకొల్పిరి. అది క్రమముగ జనరల్ మోటార్స్ సంస్థలో ఒక శాఖయై విస్తరిల్లెను. వారి వ్యాపారచిహ్నము నెపోలియన్ చక్రవర్తి వాహనములను చూచి కల్పించిన ఒక రాజశకటము. 1930లో ఈ శాఖవారు ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అను పేర బాలుర సంఘము నొకదానిని స్థాపించి, ఆ శకటమునే సుమారు అడుగు పొడవున నిర్మించి పంపుడని దేశమందలి బాలుర నెల్లర ఆహ్వానించిరి. మొదటి పోటీలో ప్రధాన బహుమతులు నాలుగు. ఒక్కొక్కటి 5000 డాలర్ల విశ్వవిద్యాలయ విద్యార్థివేతనము. అది ఆర్థికమాంద్యము దేశమును క్రుంగదీయుచున్న కాలము. పని లేక యింట కూర్చున్న తండ్రి గల బాలునకు ఆ మొత్తము ఎంతటి ఆశాజ్యోతియో ఊహింపవచ్చును.

పని మాత్రము సామాన్యమైనది కాదు. చక్రముల ఆకులు చెక్కవలెను, లోహమును సాగగొట్టి అలంకారములు పోయవలెను, లోపలి పీఠములకు గుడ్డ కుట్టవలెను, తలుపులు తెరచుకొనునట్లు అమర్చవలెను, పైన బంగారుపూత పూయవలెను. వడ్రంగము, కంసాలిపని, దర్జీపని, చిత్రలేఖనము అన్నియు ఒక్క బాలుని చేతికే రావలసియుండెను. సంస్థవారు పంపిన పటములలోని కొలతలకు ఎవని పని మిక్కిలి సన్నిహితముగ నుండునో వానిదే జయము. ఇందు కల్పనకు చోటు లేదు. ఓర్పునకును చేతినేర్పునకును మాత్రమే చోటు. అయినను, ఇట్టి కఠినశిక్షణ లేనిదే తరువాతి స్వాతంత్ర్యమునకు విలువ యుండెడిది కాదని నాకు తోచును. కోయుట రానివానికి కోయుటకు అనుమతి దొరకిన ఫలమేమి?

1937 నాటినుండి ఈ సంఘమువారు స్వయంకల్పితమైన కారు నమూనాలకును బహుమతు లీయ నారంభించిరి. యుద్ధకాలమున పోటీలు నిలిచిపోయినవి. యుద్ధానంతరము శకటము క్రమముగ మరుగుపడి, బాలుడు తన తలపున పుట్టిన కారును పండ్రెండవ వంతు ప్రమాణమున చెక్కి పంపు పోటీ మాత్రమే మిగిలెను. 1947లో జాతీయ బహుమతి గెలిచిన చక్ జోర్డన్ అను విద్యార్థి తరువాత జనరల్ మోటార్స్‌లో చేరి, 1986లో ఆ సంస్థ రూపకల్పన విభాగమున కంతటికిని అధిపతి యయ్యెను. ఆ విభాగమున పనిచేసిన వారిలో గణనీయమైన భాగము ఒకప్పుడు ఈ సంఘమునకు నమూనాలు పంపిన బాలురే. ఒక లోపమును మాత్రము చెప్పక తప్పదు: ఇందు బాలికలకు ప్రవేశము లేదు. ముప్పదియెనిమిది సంవత్సరముల పాటు ఒక దేశమందలి చేతినేర్పులో సగమును లెక్కలోనికి తీసికొనకపోవుట చిన్న అన్యాయము కాదు. 1968లో సంఘము మూతపడెను.

చిన్నకారు అంగడి పెట్టెలోనికి వచ్చిన మార్గము దీనికి భిన్నమైనది. అది కార్లమ్ము డీలరుల బల్లమీదినుండి వచ్చెను. ప్రతి శరత్తునందును కొత్తకార్లు వెలువడునప్పుడు, వాని రూపమును రంగులను కొనువారికి చూపుటకై డీలరులు చిన్న నమూనాలను ఉంచుకొనుచు, తండ్రి కారును కొన్నచో కొడుకునకు నమూనా నొకదానిని బహుమానముగ నిచ్చుచు నుండిరి. కొన్ని నమూనాలు లోహముతో పోతపోయబడి, అడుగున నాణెములు వేయుటకు రంధ్రము కలిగి, ముంతలకు బదులుగ ఉపయోగపడుచుండెను. షికాగోకు చెందిన బాంథ్రికో సంస్థవారివి అట్టివి. 1948లో స్థాపింపబడిన ఎ.ఎం.టి. వారి తొలి నమూనా అల్యూమినియముది. ఆ మూడక్షరములలో మొదటిది ఆ లోహమునకే గుర్తు. అటుపిమ్మట వారు ప్లాస్టిక్కునకు మరలిరి. జో-హాన్ అను మరియొక సంస్థయు డెట్రాయిట్‌లోనే ఇదే పనికి పూనుకొనెను. కార్ల కంపెనీలు తమ రహస్యపటములను, కారు బజారునకు రాకముందే, ఈ చిన్న కార్ఖానాలకు నమ్మి అప్పగించుచుండెను.

ఆనాటి నమూనాలకు ఒక వ్యాధి యుండెను. సెల్యులోజ్ ఎసిటేట్ అను ప్లాస్టిక్కుతో పోసిన కారు కొన్నియేండ్లకు ఎండిన తాటాకు వలె ముడుచుకొని, కప్పు క్రుంగి, ముందువెనుకలు పైకి లేచెడిది. ఆ తరమునకు చెందిన నమూనాలు వంకర లేనివి నేడు దొరకుట దుర్లభము. పాలీస్టైరీన్ వచ్చి ఈ వ్యాధిని మాన్పెను. పైగా అది మంచి అతుకును స్వీకరించును. అతుకుమందు ప్లాస్టిక్కును కొంచెము కరగించి రెండు ముక్కలను ఒకే ముక్కగ చేయును. కోసి అతుకు విద్యకు స్టైరీన్ లేనిదే గతి లేదు.

ఈలోగ కాలిఫోర్నియాలో రెవెల్ సంస్థవారు 1951 ప్రాంతమున, గౌలండ్ అను ఆంగ్ల రూపశిల్పి కల్పనలను ఆధారముగ చేసికొని, పురాతనపు మోటారు కార్లను ముప్పదిరెండవ వంతు ప్రమాణమున హైవే పయనీర్స్ అను పేర విడుదల చేసి విశేషముగ విక్రయించిరి. షికాగోలో మోనోగ్రామ్ సంస్థవారు బాల్సా చెక్క నమూనాలతో ప్రారంభించి 1954లో ప్లాస్టిక్ పందెపుకారును తెచ్చిరి. కాని ఆ కాలమందలి రెవెల్ వారి పెట్టెలలో కారు పైభాగము ముక్కలు ముక్కలుగ వచ్చెడిది. పక్కలు వేరు, కప్పు వేరు, ముందుమూత వేరు. బాలుడు ఎంత జాగ్రత్తగ అతికినను సందులు తప్పకుండెడివి. డీలరుల నమూనాలు చేసి చేయి తిరిగిన ఎ.ఎం.టి. వారికి ఈ చిక్కు లేదు. ఏలయన వారి నమూనా పైభాగము ఒకే ముక్కగ పోతపోయబడునది. ఇది చెప్పినంత సులభము కాదు. రెండు సగములుగ తెరచుకొను ఉక్కు అచ్చులో కారు పైభాగమును పోసినచో అది బయటికి రాదు. కిటికీల అంచులు, చక్రములపై కమానులు అడ్డు తగులును. కావున అచ్చు యొక్క నాలుగు పక్కలును వేర్వేరుగ జరుగునట్లు ఉక్కును చెక్కవలెను. డీలరు బహుమానముకొరకు ఈ ఖర్చు నంతయు కార్ల కంపెనీల ఆర్డర్లు భరించెను. ఆ అచ్చులనే రెండవసారి వినియోగించి, రంగు వేయని పైభాగమునకు అదనపు భాగములు చేర్చి పెట్టెలో పెట్టుటయే 1958 నాటి యుపాయము. ఆ తొలి పెట్టెలలో ఇంజను లేదు, ముందుమూత తెరచుకొనదు. అయినను బాలురు వానిని ఎగబడి కొనిరి. మరుసటి సంవత్సరమే 1932 నాటి ఫోర్డ్ రోడ్‌స్టర్ పెట్టె, వెండిపూత పూసిన ఇంజనుతో సహా వెలువడెను.

ఈ పెట్టెలను అంతగ కోరుటకు కారణము లాస్ ఏంజలిస్ వీథులలో నుండెను. యుద్ధమునుండి తిరిగివచ్చిన యువకులు ఇనుమును కోయుట, అతుకుట నేర్చియుండిరి. పాతకార్లు చవుకగ దొరకుచుండెను. జార్జి బారిస్, సామ్ బారిస్ సోదరుల దుకాణమువంటి చోట్ల 1949-51 నాటి మెర్క్యురీ కార్ల పైకప్పులను అంగుళముల లెక్కన తగ్గించి, తలుపుల పిడులను తొలగించి, దీపములను లోపలికి జరిపి, అతుకు కానరాకుండ సీసముతో పూడ్చి, కర్మాగారములో గీతగీసినవాడు సయితము గుర్తింపజాలని క్రొత్తరూపమును తెచ్చుచుండిరి. జో బైలన్ అను రంగులవాడు వెండిపూతపై పారదర్శకమైన ఎఱుపును పొరలు పొరలుగ పూసి, పాకములో ముంచిన పండువంటి కాంతిని సాధించెను. ఇట్టి కారు ఎల్లరకు లభ్యము కాదు. పదునాలుగేండ్ల బాలునకు డ్రైవింగు లైసెన్సే లేదు. కాని వానికి ఎ.ఎం.టి. పెట్టె కలదు, వంటింటి బల్ల కలదు, చిన్న రంపము కలదు.

ఆ వంటింటి బల్లమీద జరిగిన పనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుటకు పాఠకులు అనుమతింతురుగాక. పైకప్పును తగ్గించుట చూచుటకు సులభమువలె నుండును: స్తంభములనుండి కొంత ముక్కను తీసివేసి కప్పును క్రిందికి దింపినచో సరి యనిపించును. కాని కారు స్తంభములు నిట్టనిలువుగ నుండవు, లోపలికి వాలియుండును. కావున కప్పు క్రిందికి వచ్చినకొలది ముందు స్తంభపు పైముక్కకును క్రిందిముక్కకును పొంతన కుదరదు. కప్పు పొట్టిదై మధ్యలో నిలిచిపోవును. అప్పుడు కప్పునే అడ్డముగ రెండుగ కోసి, ఎడముగ జరిపి, నడుమ స్టైరీన్ పలకతో పూడ్చవలెను. లేదా ముందుస్తంభమును వెనుకకు ఇంకను వాల్చవలెను. మొదటిది కప్పును పొడిగించును, రెండవది కారునకు వేగమును ఆపాదించును. ఏది చేయవలెనో పెట్టెలోని కాగితము చెప్పదు. బాలుడు చిన్న కారును కంటియెదుట పట్టుకొని, తలవాల్చి చూచి, తానే నిర్ణయించుకొనవలెను. సామ్ బారిస్ పెద్దకారు ముందర నిలిచి ఆలోచించినది ఇదియే ప్రశ్న.

పిదప పుట్టీ పూయుట. పుట్టీ ఆరినకొలది కుంగును. తొందరపడి పైన రంగు వేసినచో వారముదినములకు అతుకుగీత మరల తేలివచ్చును. కావున ఆరనిచ్చి, గరుకు కాగితముతో నీట తడుపుచు రుద్ది, మరల పూసి, మరల రుద్ది, వేలికొనకు అంచు తగులనంతవరకు పనిచేయవలెను. కన్ను మోసపోవును గాని వేలు మోసపోదు. భాగములను కోసికొనగ మిగిలిన ప్లాస్టిక్ కాడను దీపపుసెగకు చూపి మెల్లగ లాగినచో వెంట్రుకవంటి తీగ యగును. అదియే రేడియో ఏరియల్. కుట్టుదారములు ఇంజను తీగ లగును. కారు చుట్టునుండు వెండిపట్టీలను మొదట కుంచెతో దిద్దుచుండిరి. తరువాత పలుచని లోహపురేకును అంటించి, అంచును కత్తిమొనతో కోసి తీయు పద్ధతి వచ్చి నిజమైన క్రోము శోభ నిచ్చెను. రంగు ఆరిన తరువాత పళ్లపేస్టుతో రుద్ది నిగ్గు తేల్చుటయు నున్నది.

అనుమతి నిచ్చిన సంస్థలు ఆ బాలుర వీరులను కొలువులోనికి తెచ్చుకొనుటకు ఆలస్యము చేయలేదు. ఎ.ఎం.టి. వారు జార్జి బారిస్‌ను, మోనోగ్రామ్ వారు డారిల్ స్టార్‌బర్డ్‌ను, రెవెల్ వారు ఎడ్ రోత్‌ను చేరదీసిరి. 1958, 1959 సంవత్సరములలో వరుసగ ఓక్లండ్ ప్రదర్శనలో అత్యంతసుందరమైన రోడ్‌స్టరుగ బహుమతి నందిన బారిస్ వారి అలా కార్ట్, 1961లో ఎ.ఎం.టి. పెట్టెగ వెలువడెను. ఎడ్ రోత్ ఫైబర్‌గ్లాసుతో కల్పించిన వింతకార్లును, ఆయన చొక్కాలమీద ముద్రించిన ర్యాట్ ఫింక్ అను ఎలుక బొమ్మయు రెవెల్ పెట్టెలలో దేశమెల్ల వ్యాపించెను. ఆయనకు పెట్టె కింత యని ప్రతిఫలము లభించెను.

పెద్దకారునకును చిన్నకారునకును గల బంధమున ఎవరు గురువో ఎవరు శిష్యుడో ఇంతలో నిర్ణయింపరాని స్థితి వచ్చెను. 1955లో లింకన్ సంస్థవారు ఫ్యూచురా అను ప్రదర్శనకారును చూపిరి. మరుసటియేట రెవెల్ వారు దానిని పెట్టెలో పెట్టిరి. బారిస్ ఆ అసలు కారునే మార్చి 1966 నాటి టెలివిజన్ ధారావాహిక కొరకు బ్యాట్‌మొబైల్‌ను చేసెను. వెంటనే అరోరా సంస్థవారు దానికి కిట్టు తెచ్చిరి. ఇంతకన్న విచిత్రమైనది రెడ్ బారన్ కథ. 1968లో మోనోగ్రామ్ కొరకు టామ్ డానియల్ అను రూపశిల్పి, కప్పునకు బదులు జర్మను సైనికుని శిరస్త్రాణమును, ముందు విమానపు ఇంజనును ఉంచి ఒక చిన్నకారును కల్పించెను. అట్టి కారు లోకమున ఎక్కడను లేదు. పెట్టెలు విపరీతముగ అమ్ముడుపోవుట చూచి, ప్రదర్శనల నిర్వాహకు లొకరు చక్ మిల్లర్ అను శిల్పిచేత నిజమైన కారును నిర్మింపజేసిరి. విమానపు ఇంజను కుదరక పాంటియాక్ వారి ఆరు సిలిండర్ల ఇంజనును అందు బిగించిరి. నమూనా ముందు పుట్టి, మూలము వెనుక పుట్టెను! ఈ విద్యను బాలుర కాలక్షేపమని తేలికగ చూచువారికి నేను ఈ ఒక్క కథను చెప్పుదును.

ఆ వైభవకాలమునకు మచ్చయు నున్నది. గొట్టములలో అమ్ము అతుకుమందులోని టోల్యూన్ వాసనను మత్తుకొరకు పీల్చి కొందరు పిల్లలు ప్రాణములు పోగొట్టుకొనిరి. పలుచోట్ల పిల్లలకు అమ్మకమును నిషేధించు శాసనములు వచ్చెను. 1969లో టెస్టర్ సంస్థవారు ఆవగింజలలో నుండు ఘాటైన తైలమును అతుకుమందులో కలిపిరి. పీల్చినవానికి కన్నులు ముక్కు మండిపోవును. పని చేసికొనువానికి కొంత ఇబ్బందియైనను ఇది మిక్కిలి మంచిపనియే.

తరువాతి క్షీణదశను గూర్చి పెక్కుమాటలు అనవసరము. మొదట విద్యుత్తుతో పరుగెత్తు స్లాట్ కార్లు, పిదప 1968లో వచ్చిన హాట్ వీల్స్ అను బొమ్మకార్లు, చమురుధరలు, తెరమీది ఆటలు ఒకటివెంట నొకటి బాలుర నాకర్షించెను. ఎ.ఎం.టి. 1978లో లెస్నీ సంస్థ చేతికిని, 1983లో అర్టిల్ సంస్థ చేతికిని పోయెను; రెవెల్, మోనోగ్రామ్ 1986లో ఏకమయ్యెను. జపానులో, కొయ్యపనికి పేరొందిన షిజుయోకా నగరమున, తమియా సంస్థవారు ఇరువదినాలుగవ వంతు ప్రమాణమున పందెపుకార్లను నిర్దుష్టమైన అమరికతో పోసి ఈ విద్యకు క్రొత్త గౌరవము తెచ్చిరి. నిర్దుష్టతను నేను ఆదరింతును. కాని మార్చుకొనుమను పిలుపు వారి పెట్టెలలో అంతగ వినరాదు.

ఆ పిలుపును కాపాడినవారు మెక్సికో సంతతికి చెందిన అమెరికా యువకులు. తూర్పు లాస్ ఏంజలిస్, శాన్ హోసె వీథులలో కారును నేలకు తాకునంత దించి, మెల్లగ నడపుట వారి వేడుక. దానికి లోరైడర్ అని పేరు. వారిలో చిన్నకార్లు కట్టువారు తలుపులకు తీగతో మడతబందులు అమర్చి, లోపల మఖమలువంటి నూగును అద్ది, కప్పుమీద వలలవంటి చిత్రములు వ్రాసి, చక్రములను మోటారుతో ఎగురజేయుచు తమ వాడల ప్రదర్శనలలో పోటీపడిరి. పెద్దకారునకు ధనము చాలనివాడు చిన్నకారుమీద చూపిన నైపుణ్యమునకు ఆ వాడలలో సమానగౌరవము లభించుచుండెను. 1990 ప్రాంతము తరువాత రెవెల్ వారును ఆ పేరుతోనే కిట్టులు తెచ్చిరి.

ఇక అచ్చుల సంగతి యొకటి మిగిలియున్నది. కార్ల కంపెనీలు ఏటేట రూపము మార్చినప్పుడు నమూనాల సంస్థలు క్రొత్త అచ్చు చెక్కక, పాతదానినే గీకి, పూడ్చి, తరువాతి యేటి కారుగ మార్చుచుండెను. కొన్ని అచ్చులు తుదకు చక్రపుకమానులు కోసిన పందెపుకార్లుగ మారిపోయెను. అందుచేత 1960 దశకపు పెక్కుకార్లు కర్మాగారపు రూపమున మరల పోయుటకు వీలులేకపోయెను. ఇప్పుడు ఎ.ఎం.టి. పేరు గల సంస్థవారు పాత కిట్టులను పరిశీలించి, లుప్తభాగములను క్రొత్తగ ఉక్కులో చెక్కించి అచ్చులను పూర్వరూపమునకు తెచ్చుచున్నారు. అంతకుముందునుండియే, ఇంటివద్ద రబ్బరు అచ్చులతో రెజిన్ పోయువారు దొరకని పైభాగములను పోసి తోటివారికి అమ్ముచున్నారు. భాగములను కంప్యూటరుపై గీసి త్రిమాణరూపమున ముద్రించువారును బయలుదేరిరి.

ఈ మరమ్మతు ఉత్సాహము పాతకాలపు బాలుడు కట్టిన కార్లవైపును మరలినది. అటకలమీదను సంతలలోను దొరకు అట్టి కార్లపై అతుకుమందు కారియుండును, కుంచెజాడలు కానవచ్చును, కప్పు కొంత వంకరగ దిగియుండును. కొందరు వానిని రసాయనములలో నానబెట్టి రంగు తీసి, విడదీసి, క్రొత్తకారువలె మరల కట్టుదురు. మరికొందరు ఊడిపోయిన బంపరును మాత్రము వేరొక పాతపెట్టెనుండి వెదకి తెచ్చి అమర్చి, తక్కిన దంతయు 1962లో ఆ బాలుడు విడిచిన యట్లే యుంచుదురు. నేను ఈ రెండవవారి పక్షమున నున్నాను. ఆ వంకర కప్పు ఒక తప్పిదము కాదు. స్తంభము వాలును ఎదుర్కొన్న బాలుడు స్వయముగ చేసిన నిర్ణయమునకు అది సాక్ష్యము, అట్టి సాక్ష్యములు నానాట తగ్గిపోవుచున్నవి.